గోడవ్రాత మాని ఇంటింటి ఉత్తరం

(సంఘం వారి 2025 కార్తిక వనభోజనాల సభలో చేసిన ప్రసంగం. సంవత్సరాది సంచిక కోసం కార్యదర్శిగారు కోరగా వ్రాసి ఇచ్చినది.)



ఉసిరిచెట్టు క్రింద పులిహోర గుండిగలు దించిన తరువాత ఉపన్యాసానికి లేచేవాడంత అభాగ్యుడు మరొకడు ఉండడు. అయినా కార్యదర్శిగారు "ఆ ఉత్తరాల సంగతి చెప్పండి, చాలామంది అడుగుతున్నారు" అని పట్టుపట్టారు గనుక చెబుతాము. మేము మెట్రిక్యులేషను దాటి చదివినవారం కాము. ఖుర్దా రోడ్డులో రైల్వే గుమాస్తాలం. పొద్దస్తమానం ఫైళ్ళు కట్టుకునే చేతులతో రాత్రిపూట నాలుగు ముక్కలు వ్రాసుకుంటాము. పండితుల ధోరణి మా వద్ద ఆశించవద్దని ముందే మనవి.

ఒక్క మనిషి నిలబడి "మేము" అంటున్నాడేమిటని నవ్వుకోకండి. మా ఇంట్లో ఈ పని ముగ్గురం చేస్తాము. వ్రాసేవాడు ఒకడు. తప్పులు దిద్దే ఇల్లాలు ఒకరు. ఆమెది పలాస, ఒత్తులూ దీర్ఘాలూ ఆమెకు తెలిసినంత మాకు తెలియవు. పాత సంగతులు జ్ఞాపకం చేసి చెప్పే తల్లి ఒకరు. ముగ్గురి పక్షాన మాట్లాడుతున్నాము.

2011లో మేము ఇంటర్నెట్టులో ఒక బ్లాగు పెట్టాము. బ్లాగు అంటే తెలియని పెద్దల కోసం ఒక్కమాట. అది మన సొంత గోడ వంటిది. దానిమీద మనకు తోచినది వ్రాసి పెట్టవచ్చు. దారిన పోయేవారు ఎవరైనా ఆగి చదువవచ్చు, క్రింద తమ మాట కూడా వ్రాసి పోవచ్చు. కాగితం ఖర్చు లేదు, అచ్చు ఖర్చు లేదు, సంపాదకుని దయ అక్కరలేదు. ప్రపంచమంతా చదువవచ్చునన్న ఊహ ఒకటి ఉన్నదే, అది మా వంటి చిన్న ఉద్యోగికి ఎంత మత్తు ఎక్కిస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఏమి వ్రాశామంటారా, మన కాలనీ పెద్దల కథలే. 1893 మొదలు 1896 వరకు బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం వేశారు. ఆ మార్గం వెంబడే శ్రీకాకుళం వైపు నుంచీ, విజయనగరం వైపు నుంచీ మన తాతలు పనులకు వచ్చి ఇక్కడ నిలిచిపోయారు. బెంగాలు నాగపూరు రైల్వే అన్న పేరు పోయింది, 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చింది, 2003లో మన డివిజను తూర్పు కోస్తా రైల్వేలో చేరింది. బోర్డుల మీద పేర్లు మారినంత త్వరగా ఇళ్ళలో మాట మారలేదు. కానీ ఆ మాట చెప్పేవారు ఏటేటా ఒకరిద్దరు తగ్గిపోతున్నారు. మా నాన్నగారు సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన ఉద్యోగమే మాకు వచ్చింది గాని, ఆయనకు తెలిసిన సంగతులు మాత్రం రాలేదు. ఆ వెలితి వల్లనే మిగిలినవారి వెంట కాగితం పట్టుకొని తిరగటం మొదలుపెట్టాము.

ఆ రోజుల్లో తెలుగు బ్లాగర్లది ఒక చక్కని బస్తీ. లేఖినిలో ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు అక్షరాలు రాబట్టుకునేవాళ్ళం. ఎవరు ఏమి వ్రాసినా కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులలో శీర్షిక కనబడేది. అక్కడ చూసి జనం వచ్చేవారు. మేము వ్రాసినదానికి హైదరాబాదు నుంచీ, అమెరికా నుంచీ "బాగుంది, కొనసాగించండి" అని వచ్చేది. ఆ రాత్రి నిద్రపట్టేది కాదు.

బ్లాగులో వేసే ఒక్కొక్క వ్రాతను తెలుగువారు "టపా" అన్నారు. ఎవరు పెట్టారో గాని ముచ్చటైన పేరు. మన పెద్దలకు టపా అంటే తపాలా, పోస్టు. టపా వచ్చిందా అంటే ఉత్తరాలు వచ్చాయా అని. మేము వారానికొక టపా వేస్తున్నామని గర్వపడ్డాము. అది ఎవరి ఇంటికీ చేరదు, ఎవరైనా వచ్చి చూస్తేనే చూసినట్లు అన్న సంగతి చాలాకాలం మా బుర్రకు ఎక్కలేదు.

ఎక్కించినవారు ఒక విశ్రాంత గార్డుగారు. 2012లో ఆయన దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చొని ఆయన సర్వీసు కథ వ్రాసుకున్నాము. టపా వేసిన నెలకు సంతలో ఎదురుపడ్డారు.

"ఏటి బాబూ, నా కత రాసేసినావంట గదా. ఎక్కడుందది?"

"ఇంటర్నెట్టులో ఉంది మావయ్యగారూ. ఎవరైనా చూడవచ్చు."

"ఎవరైనా సూడొచ్చు, బాగుంది. మరి నానెలా సూసేది?"

వచ్చే ఆదివారం ఇంటికి వచ్చి చూపిస్తామన్నాము. ఆ ఆదివారం డ్యూటీ పడింది. తరువాతి ఆదివారం మరేదో పడింది. ఆయన 2016లో పోయారు. ఆయన కథను అమెరికాలో ఎవరో చదివి మెచ్చుకున్నారు. ఆయన మాత్రం చూడలేదు. పదోరోజు భోజనాలకు వెళ్ళినప్పుడు ఆయన శ్రీమతి "మీరు రాసినారని అందరికీ చెప్పుకునేవోరు" అన్నారు. అన్నం ముద్ద దిగలేదు.

ఈలోగా ఆ బస్తీ కూడా పలచబడింది. బ్లాగులను ఒకచోట చేర్చి చదువుకొనే పేరున్న సాధనం ఒకటి 2013 జూలైలో మూతపడింది. జనం చేతుల్లోకి ఫోనులు వచ్చాయి; చదవటం ఫోనుకు మారింది, సంకలినుల వైపు రాకపోకలు తగ్గాయి. మా గోడ దగ్గరకు రోజుకు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు, అందులో ఒకరు మేమే. క్రొత్త టపా వేసినప్పుడల్లా కోరినవారికి ఈమెయిలు ద్వారా కబురు పంపే ఉచిత ఏర్పాటు ఒకటి ఉండేది. 2021లో అది కూడా ఆగిపోయింది. ఆ ఏర్పాటులో పేరు నమోదు చేసుకున్నవారు ఎందరో అప్పుడు చూశాము. పదకొండుమంది. వారిలో ఏడుగురు మన కాలనీలో పుట్టి పెరిగి బరంపురం, విశాఖపట్నం, బెంగుళూరు చేరినవాళ్ళు. పదేళ్ళుగా ఎవరికోసం వ్రాస్తున్నామో తెలియక గోడకేసి చూస్తూ వ్రాశాము. నిజంగా చదువుతున్నది మాత్రం పేరు పెట్టి పిలవగలిగిన ఏడుగురు!

ఆ రాత్రి మా అమ్మ ఒక మాట అన్నది. "మీ నాన్న ఊరికి ఉత్తరం రాస్తే ఊరంతా చదివేవోరు. నువ్వు ఊరందరికీ రాసినావు, ఎవులూ చదవలేదు."

2022 ఫిబ్రవరి నుంచి గోడవ్రాత తగ్గించి నెలకొక ఉత్తరం పంపటం మొదలుపెట్టాము. ఈమెయిలు ఉత్తరమే. దానికి ముందు ఒక పాత రూళ్ళ పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాము. ఈ తిరుగుడు ముఖ్యం. అడగకుండా ఎవరికీ పంపరాదని మా ఇల్లాలు కట్టడి చేసింది. పెళ్ళి పిలుపుకు బొట్టు పెట్టి చెప్పాలి గాని కిటికీలోంచి శుభలేఖ విసిరితే ఎవరు వస్తారని ఆమె వాదం. చాలా ఇళ్ళలో పెద్దలకు ఈమెయిలు లేదు. మనవల చిరునామాలు ఇచ్చారు. కొందరు "మాకు కాగితం మీదే ఇయ్యండి" అన్నారు. అటువంటి ఎనిమిది ఇళ్ళకు ఉత్తరాన్ని పెద్ద అక్షరాలతో జిరాక్సు షాపులో ప్రింటు తీయించి సైకిలు మీద పట్టుకెళ్ళి ఇస్తున్నాము. టీ ఖర్చు వాళ్ళది, ప్రింటు ఖర్చు మాది. చిల్లర లెక్క చూస్తే లాభం మాదే.

మొదటి ఉత్తరం పంపిన రోజు చేసిన నిర్వాకం చెప్పకపోతే మోసం అవుతుంది. పంపే పద్ధతి సరిగా తెలియక చిరునామాలన్నీ అందరికీ కనబడే గడిలో పెట్టేశాము. ఎవరి చిరునామా ఎవరికి తెలియరాదో వారికే తెలిసిపోయింది. ఎన్నడో కమిటీ ఎన్నికల నాటి నుంచి మాటలు లేని ఇద్దరు పెద్దలు ఆ ఉత్తరం ఆధారంగా మళ్ళీ మాట్లాడుకోవటం మొదలుపెట్టారు. అదీ అందరూ చదివేటట్లు. ఒక్క సాయంత్రంలో పదిహేడు జవాబులు. మర్నాడు ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాము. చిరునామాలు ఒకరివి ఒకరికి కనబడకుండా దాచే గడి వేరే ఉన్నదని అప్పుడు నేర్చుకున్నాము. ఎవరైనా ఈ పని తలపెడితే ముందు ఆ గడి ఎక్కడున్నదో చూసుకోండి.

తరువాత మరొక చిక్కు. ఒకే ఉత్తరం ఒకేసారి పలువురికి పోతే కొన్ని చోట్ల దానిని వ్యాపార ప్రకటన అనుకొని యంత్రం చెత్త అరలో పడవేస్తుంది. ఉచిత జీమెయిలు ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు కూడా. ఆ రెండో బెంగ మాకు లేదు లెండి, ఇప్పటికి మా పుస్తకంలో ఉన్నవి అరవైమూడు చిరునామాలు. అయినా మొదటి చిక్కు తప్పించుకొనటానికి ఇటువంటి ఉత్తరాలే పంపిపెట్టే ఒక సేవను ఆశ్రయించాము. అందులో ప్రతి ఉత్తరం అడుగున "ఇకమీదట వద్దు" అనే మీట ఉంటుంది. అది నొక్కితే వారి పేరు తొలగిపోతుంది. ఆ మీట మొట్టమొదట నొక్కినది మా బావమరిదిగారు. పొరపాటున నొక్కానన్నారు. నమ్మాము.

ఆ సేవలో ఉత్తరాన్ని ఎవరు తెరిచారో, ఎవరు తెరవలేదో చూపే లెక్క కూడా ఉన్నది. మొదటి రెండు నెలలూ అదే పనిగా చూశాము. "అద్భుతంగా రాశావు" అని ఫోను చేసి చెప్పిన మిత్రుని పేరుకు ఎదురుగా "తెరవలేదు" అని కనబడితే మనస్సు ఎట్లా ఉంటుంది? ఉత్తరంలో కంటికి కనబడని చిన్న బొమ్మ ఒకటి దాచి, అది ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడు లెక్క వేసుకోవటం ఆ యుక్తి. 2021 నుంచి ఆపిల్ ఫోనుల మెయిలులో, చదువరి తెరవకముందే ఆ బొమ్మలను ఫోనే తెచ్చుకొనే ఏర్పాటు వచ్చింది. కాబట్టి ఆ లెక్క నమ్మదగినది కూడా కాదు. నమ్మదగినదైనా అది ఇరుగింటి కిటికీలోంచి తొంగిచూసినట్లే. ఆపివేశాము. మిత్రునితో స్నేహం నిలిచింది.

వ్రాత కూడా మారింది. గోడ మీద వ్రాసేటప్పుడు ఎవరో పండితుడు చూస్తాడేమోనన్న జంకుతో నిఘంటువు మాటలు పోగు చేసేవాళ్ళం. "పితామహుడు" అని వ్రాసేవాళ్ళం, తాతను! ఉత్తరంలో అది కుదరదు. ఎదురుగా ఫలానా పిన్నిగారు, ఫలానా బాబాయిగారు కూర్చొని ఉన్నట్లే ఉంటుంది. "మీ వీధి చివర చింతచెట్టు" అని వ్రాస్తే చాలు, వివరణ అక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడారు. 1919లో "తెలుగు" అని పత్రిక కూడా నడిపారు. ఆ పర్లాకిమిడి ఇప్పుడు మన ఒడిషాలోనిదే. అంత దగ్గరలో ఉండి కూడా ఆ పాఠం మాకు వందేళ్ళు ఆలస్యంగా అందింది.

మన పిల్లల సంగతి వేరే చెప్పాలి. వీళ్ళు ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, అక్షరాలు రావు. గోడ మీది తెలుగు వారికి గోడే. ఉత్తరం అట్లా కాదు. ఇంటికి వచ్చినది గనుక ఎవరో ఒకరు పైకి చదువుతున్నారు. బెంగుళూరులో ఒక తల్లి వంట చేస్తూ ఉంటే భర్త చదువుతాడట, పిల్లలు వింటారట. మా మేనకోడలు అమ్మచేత చదివించుకుంటూ ఆ తెలుగు మాటలనే ఒడియా లిపిలో వ్రాసుకుంటుంది, మళ్ళీ తానే చదువుకోవటానికి. మొదట చూసి మాకు బాధ కలిగింది. తరువాత ఆ పుస్తకం తిరగవేస్తే, తొమ్మిది ఉత్తరాలు వరుసగా ఉన్నాయి. బాధపడటం మానేశాము.

ఇక అసలు సంగతి.

1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలై మే 27న ముగిసింది. ఎందరో అరెస్టు అయ్యారు, ఎందరికో ఉద్యోగాలు పోయాయి. మన కాలనీలో ఆ ఇరవై రోజులు ఎట్లా గడిచాయో గార్డుగారు మాకు చెప్పారు. మగవాళ్ళు కొందరు జైలుకు పోయారు. కొందరు, వారిలో మా తాతా గార్డుగారూ ఉన్నారు, చిలికా వైపు తెలిసినవారి ఇళ్ళలో తలదాచుకున్నారు. కాలనీలో ఆడవాళ్ళూ పిల్లలూ మిగిలారు. ఒక షావుకారు దయతలచి ఇరవై రోజులూ బియ్యం అరువు ఇచ్చాడు, ఆయన పుణ్యాన పొయ్యిలు వెలిగాయి అని గార్డుగారు చెప్పారు. చెబుతూ చేతులు జోడించారు. 2012లో అట్లాగే టపా వేశాము. పదేళ్ళు అది గోడ మీద ఉన్నది. "హృదయం కదిలింది" అని ఎవరో ఒకరు వ్రాశారు. అంతే.

2022 జూన్‌లో అదే కథను కొద్దిగా సవరించి అయిదవ ఉత్తరంగా పంపాము. నాలుగవ రోజున విజయనగరం నుంచి జవాబు వచ్చింది. ఒకప్పుడు మా తాత క్వార్టరుకు ప్రక్క క్వార్టరులో కాపురమున్న ఇల్లాలు ఆమె. ఎనభై దాటినవారు. మనవరాలు ఉత్తరం చదివి వినిపిస్తే, ఆమె చెప్పినది చెప్పినట్లు ఆ పిల్ల ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసి పంపింది. ఆమె మాటలలోనే చెబుతాము.

"బాబూ, నువ్వు రాసింది తప్పు. ఆ సావుకారు మూడోనాడే అరువు ఆపేసినాడు. మీ మగోళ్ళు జైల్లో ఉంటే నాకు డబ్బెవులిస్తారన్నాడు. ఆ బియ్యం మీ మామ్మ పుస్తెలగొలుసు తాకట్టెట్టి తెచ్చింది. పుస్తెలు పసుపుతాడుకి కట్టుకుంది. అవయిపోనాక నా చెవులవి తీసిచ్చినాను. తరవాత గార్డుగారింటావిడ గాజులిచ్చింది. పదకొండిళ్ళు తిన్నాం. మగోళ్ళకి చెప్పొద్దని ఒట్టేసుకున్నాం. తెలిస్తే సిగ్గుపడిపోయి సమ్మె మానేసి వచ్చేస్తారని. వచ్చినాక అడిగితే సావుకారు అరువిచ్చినాడని చెప్పేసినాం. మీ మామ్మ గొలుసు మరి రానేదు."

మేము ఆ ఉత్తరం మూడుసార్లు చదివాము. అమ్మకు వినిపించాము. అమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చినది 1984లో. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ మామ్మ మెడలో గొలుసు నానెప్పుడూ చూడనేదు. పసుపుతాడే. ఎందుకత్తా అంటే, అదే మంగళం అనీది" అన్నది.

మామ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. తాతకు చివరి వరకు తెలియదు. గార్డుగారు తన భార్య గాజుల అన్నం తిని షావుకారుకు చేతులు జోడిస్తూనే పోయారు. మేము ఆ అబద్ధాన్ని పదేళ్ళు లోకమంతా చూసే గోడ మీద పెట్టి, అదొక సేవ చేశామనుకున్నాము. లోకంలో ఎవరూ దిద్దలేదు. ఎట్లా దిద్దుతారు? దిద్దగలిగినది ముగ్గురు ఆడవాళ్ళు. వారిలో అప్పటికి మిగిలినది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఎవరూ గోడ దగ్గరకు రారు.

గార్డుగారి శ్రీమతి దగ్గరకు వెళ్ళాము. ఉత్తరం చదివి వినిపించాము. ఆమె నవ్వి, "ఇన్నాళ్ళకి ఆవిడే ఒట్టు తీసి గట్టు మీద ఎట్టిందా!" అన్నారు. గాజులు ఎన్ని అని అడిగాము. నాలుగు అన్నారు. అవి కూడా తిరిగి రాలేదట. ఆయనకు ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా అన్నాము. "ఆయన సావుకారు గురించి అంత గొప్పగా చెప్పుకుంటుంటే పాడుచెయ్యడమెందుకని ఊరుకున్నాను" అన్నారు.

ఆరవ ఉత్తరంలో మా తప్పు ఒప్పుకొని సరిదిద్దుకున్నాము. దానికి జవాబులు పదకొండు వచ్చాయి. ఆ పదకొండు ఇళ్ళలో మాదీ ఒకటని బరంపురం నుంచి ఒకరు వ్రాశారు. ఆ నెల తాము రోజూ ఒకే పూట తిన్నట్లు వాళ్ళమ్మ చెప్పేదట, ఎందుకో ఇప్పుడు తెలిసిందన్నారు. సమ్మెలో ఉద్యోగం పోయినవారి కొడుకు ఒకరు నాలుగు పేజీలు వ్రాసి, చివర "ఇది ఎవరికీ పంపకండి" అన్నారు. పంపలేదు. పెట్టెలో ఉన్నది.

అయితే గోడవ్రాతలో మంచి లేదని మేము అనము. ఒకసారి ఖరగపూరు నుంచి ఒక అపరిచితుడు తన ముత్తాత పని చేసిన లైను పేరు కోసం ఇంటర్నెట్టులో వెదుకుతూ మా టపా మీద పడ్డాడు. ఆ సంగతి చదివి కన్నీళ్ళు పెట్టుకున్నానని వ్రాశాడు. ఉత్తరం అతనికి దొరికేది కాదు. ఉత్తరానికి చిరునామా తెలియాలి. తెలియనివాడికి గోడే దిక్కు. అందుచేత గోడను పడగొట్టలేదు. ఉత్తరాలలో అందరూ చూడదగినవి రెండు మూడు నెలల తరువాత అక్కడ కూడా పెడుతున్నాము.

"ఇంత శ్రమ ఎందుకు, వాట్సాపు గుంపు ఉన్నది గదా" అని యువకులు అడుగుతున్నారు. ఉన్నది. మన సంఘం గుంపులో ఒకసారి వేసి చూశాము. శుభోదయం పూలగుత్తులు ముప్పై, ఎవరింటిదో గృహప్రవేశం, ఆవకాయ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న, వీటి నడుమ 1974 సమ్మె అరగంటలో కొట్టుకుపోయింది. అక్కడ నలుగురిలో ఆ ముసలమ్మ "నువ్వు రాసింది తప్పు" అని ఉండేవారా? అనరు. ఒకరికి ఒకరు వ్రాసే చోటనే ఆ మాట వచ్చింది.

ఇది కూడా ఎవరో కంపెనీ చేతిలోనిదే గదా, రేపు మూసివేస్తే ఏమిటి అని లెక్కల విభాగంలో మిత్రులు అడిగారు. మంచి ప్రశ్నే. రచ్చబండ వంటి తెలుగు చర్చలు నడిచిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న మూతపడ్డాయి. కానీ ఈమెయిలు అనేది ఒక్కరి సొత్తు కాదు. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపి, పేరుకూ ఊరుకూ నడుమ @ గుర్తు పెట్టిన నాటి నుంచి అది అందరి బాటగానే ఉన్నది. ఒక కంపెనీ పెట్టె నుంచి మరొక కంపెనీ పెట్టెకు ఉత్తరం పోతుంది, ఒక రైల్వే వాగను మరొక రైల్వే పట్టాల మీద పోయినట్లు. పంపే సేవ మూతపడితే ఇంకొకరి ద్వారా పంపుతాము. చిరునామాలు రూళ్ళ పుస్తకంలో మా చేతివ్రాతతో ఉన్నాయి. పంపినవి అరవైమూడు ఇళ్ళలో ఉన్నాయి.

ఒక్క సంగతి మిగిలింది. ఆ గొలుసు కథను గోడ మీద కూడా సరిదిద్దాలని, విజయనగరం ఇల్లాలిని ఫోనులో అనుమతి అడిగాము. తప్పుడు కథ అక్కడ ఉండకూడదు గదా. ఆమె ఒప్పుకోలేదు. "ఆ తప్పుడుది తీసెయ్యి. మాది మాత్రం బజార్లో అంటించకు. మన సభలో చెప్పుకో, మన పుస్తకంలో ఏసుకో, మనోళ్ళే గదా. మా పేర్లు ఎయ్యకు" అన్నారు. అట్లాగే ఆ టపా తీసివేశాము. గోడ మీద ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉన్నది. ఈ రోజు మీ ముందు చెప్పినది ఆమె మాట మీద చెప్పినది, పేర్లు లేకుండా.

పులిహోర గుండిగ ప్రక్కన బల్ల మీద రూళ్ళ పుస్తకం పెట్టాము, కలం దారంతో కట్టి ఉన్నది. ఉత్తరం కావలసినవారు చిరునామా వ్రాయండి. ఈమెయిలు లేనివారు క్వార్టరు నంబరు వ్రాయండి, సైకిలు ఉన్నది. మేము వ్రాసినదానిలో తప్పు కనబడినవారు చివరి పేజీలో వ్రాయండి. ఆ పేజీ విడిగా ఉంచాము. విస్తళ్ళు వేస్తున్నారు, సెలవు.